ఓడకు నీటి గీత

ఆ రోజుల్లో నంద్యాలలో సముద్రం చూసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మా ఇంట్లో అయితే ఒక్క వేలు చాలు. మా అమ్మకు చిన్నాన్న వరసయ్యే తాత మద్రాసు రేవులో కొన్నాళ్ళు మూటలు మోసి వచ్చి, తక్కిన జీవితమంతా ఆ గొప్ప చెప్పుకునే బతికాడు. ఊరంతా ఆయన్ను హార్బరు తాత అనేది. నాకప్పుడే ఆళ్ళగడ్డలో పంతులు ఉద్యోగం వచ్చింది. అక్కడి సంఘంలో వేసవి బైబిలు బడి పెడుతున్నారని తెలిసి, అపొస్తలుడైన పౌలు రోమాకు పోయిన ఓడ నమూనా చేసి తెస్తానని నోరు జారాను. (పిల్లల మీద ప్రేమతోనే అనుకునేరు. ఆ సంఘపెద్ద కూతురు అక్కడ పిల్లలకు పాటలు నేర్పేది. ఆ సంబంధం కోసం మా నాయన కబురు పెడితే, సంఘపెద్ద "జూస్తాంలే" అన్నాడు. మా సీమలో ఆ మాటంటే ముప్పాతిక వంతు "కాదు" అన్నట్టే.) ఓడ బాగుంటే ఆ మాట మారుతుందని నా ఆశ.

అసలు ఓడలో ముప్పై అడుగులకు మా ఓడలో ఒక అడుగు అన్న లెక్కన, మామిడి పలకలతో నాలుగడుగుల ఓడ తయారైంది. రంగు దగ్గర హార్బరు తాత ఆజ్ఞ ఇచ్చాడు.

"అడుగున ఎరుపు, పైన నలుపు. నేను జూసినా గదా అబ్బీ."

"ఎరుపు యాడిదాకా తాతా?"

"నీళ్ళు యాడిదాకా వస్తే ఆడిదాకా. అందాజుకు గీస్తే కుదరదు. సరుకేసి నీళ్ళలో ఇడిసి జూడాల."

(పౌలు కాలంలో ఇనుప ఓడలు లేవనీ, ఆ ఎరుపూ నలుపూ వాటివేననీ మా ఇద్దరికీ తోచలేదు.) ముందు ఓడంతా ఎర్ర రంగు పూశాం. ఎడ్లబండ్లకు వేయగా మిగిలిన రంగు అది. చాలదని తాత అందులో కిరసనాయిలు ధారాళంగా కలిపాడు. వేలితో తాకితే ఆరినట్టే ఉంది.

ఇక నీళ్ళెక్కడ? ఎండాకాలం, కాలువ ఎండిపోయింది. ఇంట్లో తొట్టిలో ఓడ పట్టదు. ఆ శనివారం మా గుడిలో బాప్తిస్మపు తొట్టి నింపి ఉంది. స్త్రీల సమాజం వాళ్ళు పొద్దుటినుంచీ బిందెలతో మోసి నింపిన నీళ్ళు. భయపడుతూ పాస్టరు అయ్యగారిని అడిగాను. ఆయన నవ్వి, "నోవహు కాలం నుంచీ దేవుడు ఓడనూ నీళ్ళనూ కలిపే పెట్టినాడు, ఇడుసుకోప్పా" అన్నాడు.

పౌలు ఓడలో గోధుమలున్నాయని వాక్యం. మా ఇంట్లో జొన్నలున్నాయి. అవే సంచులు కట్టి వేశాం. ఓడ ఒరగకుండా నిలబడింది. చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తాత తన మద్రాసు కథ అయ్యగారికి చెప్పి ముగించేదాకా ఓడను తేలనిచ్చాం. చీకటి పడ్డాక తీసుకుపోయాం గనక, నీళ్ళమీద ఏం మిగిలిందో ఎవరమూ చూడలేదు.

ఆళ్ళగడ్డ గుడిలో తొట్టి లేదు. అందుకని బాప్తిస్మం తీసుకునేవాళ్ళు ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మా గుడికి వచ్చారు. మొదట ఒక ముసలి రైతు తెల్లపంచె, తెల్లచొక్కాతో దిగి మునిగి లేచాడు. ఎదమీద ఈ చివరినుంచి ఆ చివరికి ఎర్రగా ఒక గీత. ఎర్రని పాపాలు మంచులా తెల్లబడతాయని ప్రవక్త చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. మా సంఘంలో తెల్లగా దిగినవాడు ఎర్రగా వచ్చాడు. వెనక వరసలో ఒక అవ్వ దీన్ని దేవుడు చూపిన సూచకక్రియ అనుకుని స్తోత్రం మొదలుపెట్టింది. అయ్యగారు మాత్రం ఆకాశంవైపు కాక నావైపు చూశాడు.

తరువాత దిగవలసింది ఆ అమ్మాయే. సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. "ఏందప్పా ఈ రంగు? ఎవురు జేసినారు?"

"మావాడే. గీత సరిగ్గా రావాలని ఓడను ఇడిసినాడు" అన్నాడు హార్బరు తాత గర్వంగా.

"బాగానే వచ్చిందిలే గీత. పాపా, నువ్వు రా ఇట్ల. ఇంకో దినం జూస్తాం."

ఓడ తేలింది, సంబంధం మునిగింది అనుకుని తల దించుకున్నాను. ఆమె మెట్టుమీదనుంచి కదలలేదు. "ఆడోళ్ళు మళ్ళా ఎన్ని బిందెలు మొయ్యాల నాయనా? నేనొచ్చింది చీర కోసం కాదు గదా" అని, తెల్లచీరతో దిగిపోయింది. ఆ రోజు గుడిలో అందరికంటే విశ్వాసం ఆమెకే ఉంది. నా మనసులో ఉన్నది ప్రార్థన కాదు, భయం.

గీతకు పైనంతా నలుపు వేసి, మరుసటి వారం ఓడను బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఆళ్ళగడ్డ తీసుకుపోయాను. అక్కడ పిల్లలు ముచ్చటపడి బల్లమీద నీలం కాగితాలతో అలలు చేసి, ఓడను అందులో నిలబెట్టారు. అలలు సరిగ్గా నా గీతదాకా వచ్చాయి. ఎరుపు చిటికెడంతైనా కనబడలేదు. నేను ఊరుకోలేక, వచ్చినవాళ్ళందరికీ కాగితం ఎత్తి "కింద ఎర్రగా ఉంది, చూడండి" అని చూపించాను. జనం ఒక నవ్వు నవ్వి తెరచాప చూసి పోయారు. ఆమె ఒక్కతే వంగి, ఓడ చుట్టూ తిరిగి, తీరిగ్గా చూసింది.

"ఈ గీత వంకర పోలేదు. నా చీరమీదిదే పోయింది" అంది. అది ఆమె నాతో అన్న మొదటి మాట. వెనక నిలబడ్డ సంఘపెద్ద ఈసారి "జూస్తాంలే" అనలేదు. "మీ నాయన్ను ఒకసారి రమ్మను" అన్నాడు.

సముద్రం ఎరగని ఊళ్ళో, కాగితం సముద్రాన్ని ఎత్తి ఎత్తి చూపించిన ఆ కుర్రవాడు తలపుకొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరికీ కనబడని చోట కూడా రంగు సరిగ్గా ఉండాలని అంత తపన పడ్డాడు పాపం. ఈ వయసులో ప్రార్థనకు మోకాళ్ళూని నా లోపలికి చూసుకున్నప్పుడు ఒక్కోసారి వాడిమీద అసూయ పుడుతుంది.