భుజం భయపడని తూటా

ఉత్తరాన చలి సముద్రంలోని కోడియాక్ దీవిలో నికిఫోర్ మొండితనం తెలియని కుక్క కూడా లేదు. అరవై దాటాయి. మొన్న వసంతంలో పడవలో జారిపడి కుడిభుజం ఎముక విరిగింది. అయినా సరే, ఎలుగుబంటి వేటకు త్రీ సెవెంటీ ఫైవ్ తప్ప మరో తూటా ముట్టనంటాడు. మగవాడి వేలంత తూటా అది. పేలిందంటే భుజం మీద గాడిద తన్నినట్టే.

"ఈసారికి నా చిన్న తుపాకి, థర్టీ ఆట్ సిక్స్ పట్టుకెళ్లకూడదూ?" అంది భార్య ఫెదోస్యా, సాల్మన్ చేప ముక్కలు పొగకు వేలాడదీస్తూ.

"దాంతో జింకల్ని కొట్టుకో. గుర్రమంత ఎలుగు ముందుకు దాన్నెత్తుకెళితే, అదే నవ్వి పోతుంది."

"నవ్వి పోతే మంచిదేగా, మనల్ని తినకుండా!"

మాట తేలిగ్గానే అంది కానీ, ఆవిడకు లోపల ఒకటే గుబులు. గాయపడిన ఎలుగు పొదల్లో దూరితే, కొట్టినవాడే వెళ్లి దాన్ని చంపిరావాలి. అది అక్కడి కట్టుబాటు. అలా వెళ్లి తిరిగిరాని వాళ్ల పెళ్లాలు ఆ ఊళ్లోనే ఉన్నారు. పెళ్లైనప్పటినుంచీ వేటలో మొగుడి వెనకే, ఆయన వీపు చూస్తూ నడిచిన మనిషి ఆవిడ. ఈమధ్య తుపాకి పేలకముందే ఆయన ఉలిక్కిపడుతున్నాడని అనుమానం. చెబితే వింటాడా? వినడు గాక వినడు.

మర్నాడు సముద్రపు ఒడ్డున గురి సరిచూసుకోవడానికి వెళ్లారు. ఒకరు కొడుతుంటే ఇంకొకరు తూటా నింపి ఇవ్వడం వాళ్లిద్దరికీ మొదటినుంచీ అలవాటు. ఒకటి పేలింది, రెండోదీ పేలింది. ఆ తర్వాత ఫెదోస్యా అప్పుడే పేలిన తూటా ఖాళీ డొప్పను లోపల పెట్టి, గడియలాంటి బోల్టు బిగించి, ఏమీ ఎరగనట్టు అందించింది.

నికిఫోర్ ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది, అంతే. రాని దెబ్బకు భయపడి భుజం ఎగిరిపడింది. తుపాకి మూతి నేలకు వంగింది. నిజం వేటలో అయితే ఆ తూటా ఎలుగు గుండెకు కాదు, కాలికి తగిలేది.

ఆయన తుపాకి దించి ఆవిడ వైపు చూశాడు.

"ఈ టక్కరి విద్య ఎవరు నేర్పారే నీకు?"

"ఇంకెవరు? పెళ్లైన కొత్తలో నువ్వే. నా తుపాకి మూతి వంగితే పొట్ట పట్టుకుని నవ్వావు కూడా."

"మరి నువ్వు నవ్వవేం?"

నవ్వు ఎక్కడిది, ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నీతో కలిసి నవ్వాలంటే నువ్వుండాలి కదా, ముసలోడా!"

నికిఫోర్ భుజం రుద్దుకుంటూ రాతి మీద కూలబడ్డాడు. తనే అన్నాడు: "నీ తుపాకిలోకి బరువు గుండు తూటాలు తియ్యి. తేలికవి ఎలుగు ఒంట్లో లోపలికంటా దిగవు. భుజం భయపడని తూటాయే పెద్ద తూటా. కొట్టేది నువ్వే. నువ్వు ముందు, నేను వెనక."

"నీ పెద్ద తుపాకో?"

"మోస్తా. ఎలుగు మీదికొచ్చేస్తే దాంతో కొడతా. అంత దగ్గర్లో ఇక గురితో పనేముంది?"

వేటరోజు పొదల మధ్య ఇరుకుదారిలో ఫెదోస్యా ముందు నడిచింది. కొంతదూరం పోయాక ఆగిపోయింది.

"ఏమైందే?" గుసగుసగా అడిగాడు.

"నువ్వు కనపడట్లేదు."

నికిఫోర్ చెయ్యి చాచి, ఆవిడ వీపుసంచికి వేలాడుతున్న పట్టీ పట్టుకున్నాడు.

"ఇప్పుడో?"

"మరీ లాగకు," అని ఆవిడ ముందుకు నడిచింది.