మార్తమ్మ గారు రాయించిన మహజరు

పోయిన వారం మా వీధికి తారు వేశారు. బాపట్ల ఎండలో కాగుతున్న ఆ తారు వాసనకి ఇరుగుపొరుగు వాళ్లంతా తలుపులు బిగించుకుంటే, నేను మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈ వయసులో ఆ పొగ పీల్చడం ఏమిటని మా కోడలు లోపల గొణుక్కుంది. ఆ పిల్లకి ఏం చెప్పను? తారు వాసన వస్తే నాకు మా ఊరి బురద గుర్తొస్తుంది. ఆ బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని, తెల్ల చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నడిచే మార్తమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడని మీరెవరూ చూసి ఉండరు, ఆవిడ గురించి ఎక్కడా చదివి ఉండరు. నాకు తెలిసినంత నేనే రాసిపెడదామని ఈ కాగితాలు ముందేసుకున్నాను.

చెరుకుపల్లి రోడ్డు మీద బస్సు దిగి, కాలువ గట్టు పట్టుకుని మూడు మైళ్లు లోపలికి నడిస్తే మా ఊరు. అంతా నల్లమట్టి. తొలకరి పడిందంటే దసరా దాటేదాకా ఆ దారికి ఒక దణ్ణం పెట్టి ఇంట్లో కూర్చోవాల్సిందే. మార్తమ్మ గారు ఎక్కడో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఊరి చివర చర్చి పక్కనున్న రెండు గదుల పెంకుటింటికి వచ్చి చేరారు. మొగుడూ పిల్లలూ లేరు. ఊళ్లో అందరికీ ఆవిడ నర్సమ్మ గారు. మాది రైతుల ఇల్లు, మా నాయనమ్మకి పట్టింపులు జాస్తి. అందుకని మొదట్లో ఆవిడ మా అరుగు మీదే కూర్చుని మాట్లాడి వెళ్లేవారు. తర్వాత నాయనమ్మకి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మూడేసి గంటలకి ఒకసారి మనిషిని పక్కకి తిప్పాలని, నడుం కింద పాత చీర మడతపెట్టి ఉంచాలని, లేకపోతే పుండ్లు పడతాయని అమ్మకి నేర్పింది మార్తమ్మ గారే. నాలుగు రోజులు ఆవిడ రాకపోతే నాయనమ్మ వంకర నోటితోనే నర్సమ్మని పిలవమని గొడవ చేసేది. నాయనమ్మ పట్టింపులు కూడా పక్షవాతం వచ్చి పడిపోయాయని మా చిన్నాన్న వేళాకోళం ఆడేవాడు.

అమ్మది బాపట్ల. నాయనమ్మ మంచాన పడ్డాక ఆరేళ్లలో అమ్మ ఒక్కసారి కూడా పుట్టింటికి వెళ్లలేదు. వానాకాలమంతా దారి ఉండదు, దారి ఉన్న రోజుల్లో మంచం దగ్గర మనిషి ఉండదు. బాపట్లలో అమ్మమ్మకి చూపు తగ్గుతోంది. ఎవరి చేతో రాయించిన కార్డులు వచ్చేవి, కళ్లు పూర్తిగా పోకముందే ఒకసారి వచ్చి కనపడమని. అమ్మ నా చేత చదివించుకుని, మడతపెట్టి పోపుల డబ్బా కింద దాచేది. నాన్నకి చెప్పేది కాదు. నాన్న వద్దనే మనిషీ కాదు. అయితే తాను వెళ్తే అత్తగారిని ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది, దానికి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేదని తెలిసి అమ్మ అసలు ప్రశ్నే వెయ్యలేదు. నేను అప్పటికి తెనాలిలో మా పిన్ని ఇంట్లో ఉంటూ ఒక ప్లీడరు గారి దగ్గర టైపిస్టుగా చేస్తున్నాను. దారి బాగుంటే శనివారం సాయంత్రం ఊరికొచ్చి సోమవారం పొద్దున్నే పోయేదాన్ని. ఇంట్లో ఏం జరుగుతోందో అంతా నాకు తెలుసుననే అనుకునేదాన్ని.

అరవైల చివర్లో ఒక శ్రావణ మాసంలో, నొప్పులు పడుతున్న మనిషిని నులకమంచం మీద మోసుకెళ్తూ మోసేవాళ్లు గట్టు మీద జారిపడ్డారు. తల్లీ బిడ్డా దక్కారు గానీ, మోకాలి లోతు బురదలో ఆ మంచం వెంటే నడిచిన మార్తమ్మ గారు వారం రోజులు జ్వరంతో లేవలేదు. లేచాక ఊరి పెద్దల్ని కలిసి శాసనసభకి మహజరు పంపుదామన్నారు. ఊరంతా సంతకాలు పెట్టి పైవాళ్లకి పంపే అర్జీని అప్పట్లో అలాగే అనేవాళ్లు. రోడ్డు అనేసరికి అందరూ ఉత్సాహంగా లేచారు. రేపల్లె మిల్లులకి ధాన్యం బండ్లు దిగబడకుండా పోతాయంటే చేదా? ఆవిడ రెండో కోరిక చెప్పేసరికి మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లకి ప్రభుత్వం తరఫున ఒక నర్సు, ఒక ఆయా రావాలి. చూసుకునేవాళ్లకి నెలకి నాలుగు రోజులైనా విరామం దొరకాలి. మన తల్లిదండ్రుల్ని మనం చూసుకోవడానికి గవర్నమెంటు దేనికని ప్రెసిడెంటు గారు అడిగారు. ఆవిడ వాదించలేదు. రెండు కోరికలూ ఒకే అర్జీలో ఉంటేనే తెనాలి వెళ్లి టైపు చేయించుకొస్తానని చెప్పి లేచారు. రోడ్డు మీద ఆశతో పెద్దలు దిగివచ్చారు.

రోగులున్న ఇళ్ల జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. రెండు ఆదివారాలు గడప గడపకీ తిరిగాను. రోగిని చూసుకునేది ఎవరండీ అని అడగటం, ఇంటాయన కండువా సర్దుకుంటూ బయటికొచ్చి ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పటం, నేను రాసుకోవటం. ఎవరూ అబద్ధమాడలేదు. మా వైపు గుమ్మంలో నిలబడి ఏం అడిగినా, అది పన్ను రసీదు కానీ రేషను కార్డు కానీ, జవాబు ఇంటి యజమాని పేరే. అలా ఇరవై ఏడు పేర్లు పోగయ్యాయి. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి నేను ఎవర్నీ అడగనైనా అడగలేదు, నాన్న పేరు రాసేశాను. తెనాలిలో మంచి కాగితం మీద, మార్జిన్లు చూసుకుని, ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మార్తమ్మ గారు రేపల్లె బండిలో తెనాలి వచ్చారు. మధ్యాహ్నం వేళ, ప్లీడరు గారు భోజనానికి వెళ్లినప్పుడు, బల్ల ముందు కూర్చుని కళ్లజోడు పెట్టుకుని జాబితా చదివారు. పేరు దగ్గర వేలు పెట్టి ఒక్కొక్కటే మెల్లిగా అడగటం మొదలుపెట్టారు. ఈయన వాళ్లమ్మకి జడ వేస్తారా? ఈయన గుడ్డలు ఉతుకుతారా? నాకు మొదట నవ్వొచ్చింది. నాలుగైదు పేర్లయ్యాక నవ్వు పోయింది. నాన్న పేరు దగ్గర వేలు ఆగింది.

"మీ నాయనమ్మకి పుండు ఏ పక్కనుందమ్మా?"

నాకు తెలియలేదు. నాన్నకి కూడా తెలియదని ఆ క్షణాన తెలిసింది. కుడో ఎడమో తెలిసింది ఇంట్లో ఒక్కరికే, ఆ మనిషి పేరు నేను రాయలేదు. రాయకూడదనుకుని కాదు, తట్టలేదు. ఆరేళ్లుగా కళ్లముందు తిరుగుతున్న కన్నతల్లి పేరు నాకు తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. సంచిలోంచి పొట్లం తీసి, చల్లారిపోయిన ఇడ్లీలు చెరి రెండు పెట్టి, తిని మళ్లీ మొదలుపెడదామన్నారు.

రెండోసారి తిరిగినప్పుడు ఏం అడగాలో ఆవిడే చెప్పారు. ఇవాళ పొద్దున రోగికి మొహం కడిగింది ఎవరు? అంతే అడగమన్నారు. గుమ్మంలోకి వచ్చిన ఇంటాయన నోరు తెరిచి ఆగిపోయేవాడు. కాసేపటికి వంటింట్లోంచి ఒక గొంతు, నేనేనండి, అని వినపడేది. పేరు అడిగితే ఒకావిడ తన పేరు చెప్పడానికి తడుముకుంది, ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో. ఇరవై ఏడిళ్లలో ఒక్కచోట మాత్రం మగగొంతు పలికింది. కూలికి పోయే చిట్టియ్య, కాళ్లు చచ్చుబడ్డ పెళ్లానికి తానే స్నానం చేయించి, జావ పట్టి, అప్పుడు పనికి వెళ్లేవాడు. మార్తమ్మ గారు ఆ పేరు జాబితాలో అందరికంటే పైన వేయించారు.

సంతకాల రోజున బడి వరండాలో గొడవ లేచింది. మన ఆడవాళ్ల పేర్లు అసెంబ్లీలో చదివితే పరువేం కావాలని కొందరు పంతం పట్టారు. నాన్న అక్కడ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, ఆ కాగితం చదివినవాళ్లు కన్నతల్లిని కొడుకు గాలికొదిలేశాడని అనుకోరా అన్నాడు. అమ్మ అంట్లు తోముతూ వింది. చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, నా చేతిలోంచి కాగితం తీసుకుంది. మూడో తరగతి వరకూ చదివిన చెయ్యి, పెన్ను పట్టి ఎన్నేళ్లయిందో తెలియదు. ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. పెట్టి, నాన్న వైపు తిరిగింది.

"నేను చేసే పని నేను రాసుకున్నానండి. మీరు చెయ్యట్లేదని అందులో ఎక్కడా లేదుగా."

మా నియోజకవర్గం సభ్యుడు ఆ మహజరుని సభకి అందజేశాడు. మాఘమాసంలో అర్జీల కమిటీ వాళ్లు విచారణకి రేపల్లె వచ్చారు, ట్రావెలర్స్ బంగళాలో. ఆరుగురు ఆడవాళ్లం, పదిమంది పెద్దలూ కలిసి బయలుదేరాం. బస్సు ఎక్కేదాకా మార్తమ్మ గారు కూడా వస్తున్నారనే నేను అనుకున్నాను. ఆవిడ మా ఇంట్లోనే ఆగిపోయారు, నాయనమ్మ దగ్గర. ఊరందర్నీ ఒప్పించి అర్జీ రాయించిన మనిషే విచారణకి రాలేదు. ఆవిడ లేకుండా వీళ్లేం మాట్లాడతారని భయం.

ప్రెసిడెంటు గారు రోడ్డు గురించి అరగంట మాట్లాడారు. తర్వాత కమిటీ పెద్దాయన కాగితం తిప్పి, రెండో కోరిక ఎవరిదని అడిగాడు. అమ్మ లేచి నిలబడింది. మీకేం కావాలమ్మా అన్నాడాయన.

"పది రోజులండి," అంది అమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. అమ్మ మళ్లీ చెప్పింది, కొట్లో కావలసిన సరుకు చెప్పినంత మామూలుగా. "మా అమ్మ బాపట్లలో ఉందండి. చూపు పోతోంది. చూసి ఆరేళ్లయింది. మా అత్తగారిని పది రోజులు ఎవరన్నా చూసుకుంటే వెళ్లొస్తానండి."

నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. భార్య మనసులో మాట ఆరేళ్ల తర్వాత రేపల్లె బంగళాలో, పదిమంది పరాయివాళ్ల మధ్య విన్నాడు. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇంటికి వెళ్లేసరికి మార్తమ్మ గారు నాయనమ్మకి తల దువ్వుతున్నారు. నాన్న గుమ్మంలో నిలబడి, ఎలా తిప్పాలో తనకి చూపించమని అడిగాడు. ఆవిడ మెచ్చుకోలేదు, ఆశ్చర్యపోలేదు. చేతులు కడుక్కుని రండి అన్నారు, అంతే.

నాలుగో రోజున అమ్మ బాపట్ల వెళ్లింది. నాన్న ఆ పది రోజులూ సగం జావ మంచానికే తాగించాడని, నాయనమ్మ ఉన్న సగం నోటితోనే ఆయన్ని తిట్టిపోసిందని తర్వాత మార్తమ్మ గారు చెప్పి నవ్వారు. ఆ తర్వాతి వానల్లో బాపట్ల నుంచి తంతి వచ్చింది. గట్టంతా మోకాలి లోతు బురద. అమ్మ వెళ్లేసరికి అమ్మమ్మని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. తిరిగొచ్చాక నేను ఏడుస్తుంటే అమ్మే నన్ను ఓదార్చింది. "ఆ పది రోజులు ఉన్నాయిలేవే," అంది.

రోడ్డు మరో రెండేళ్లకి వచ్చింది, ముందు కంకర, తర్వాత తారు. రెండో కోరికకి మాత్రం పరిశీలనలో ఉన్నదని ఒక ముక్క జవాబు వచ్చింది. డెబ్భైలలో మార్తమ్మ గారు పోయేదాకా ఏటా నా చేత దానికి ఒక గుర్తుచేసే ఉత్తరం టైపు చేయించారు. అలాంటి ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు రేపల్లె ఎందుకు రాలేదని. మీరు మాట్లాడితే వాళ్లు ఇంకా బాగా వినేవాళ్లు కదా అన్నాను.

"నా మాట వినేవాళ్లమ్మా. మీ అమ్మ మాట ఎవరు వింటారు? మీ అమ్మ రావాలంటే ఎవరో ఒకరు ఇంట్లో కూర్చోవాలిగా."

తర్వాత నేను సర్కారు కొలువులో చేరి, రకరకాల దరఖాస్తులు నింపుతూ రిటైరయ్యాను. ఎన్నో సభలకి వెళ్లాను, మాట్లాడాను కూడా. ఆవిడ చేసినట్టు ఇంట్లో కూర్చోవడం మాత్రం నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. పోయిన ఏడాది మా పేటలో ఆడవాళ్లు, మంచాన పడ్డవాళ్ల దగ్గరికి నర్సుని పంపమని అర్జీ పెట్టారు. పెద్దదాన్ని, ఆఫీసుల సంగతి తెలిసినదాన్ని, ముందుండి మాట్లాడమని నన్ను బతిమాలారు. నేను రానన్నాను. ఎదురింటి అమ్మాయి రమణని వెళ్లమని, లేవలేని వాళ్లాయన దగ్గర నేను కూర్చున్నాను. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండకి మొహం కందిపోయి ఉంది. ఏమన్నారమ్మా అని అడిగాను.

"ఇస్తారో ఇవ్వరో తెలీదు పిన్నిగారూ," అంది. "నన్ను కూర్చోబెట్టి, నా పేరు నన్నే అడిగి రాసుకున్నారండి."