నేను వదిలేసిన చివరి పేరా

సైన్సు వార్తలు రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇది ఈమధ్య పుట్టిన మంట. అంతకు ముందు నలభై ఏళ్లు వాళ్లు ఏది రాస్తే అది కళ్లకద్దుకుని చదివినవాణ్ణి. 'చరిత్రలో మొదటిసారి' అన్న మాట కనిపిస్తే చాలు, కాఫీ చల్లారిపోయినా పట్టించుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆ మాట కనిపించగానే తిన్నగా చివరి పేరాకి వెళ్లిపోతాను. అసలు సంగతి అక్కడ నక్కి ఉంటుంది. 'అయితే ఈ ప్రయోగం ప్రస్తుతానికి ఎలుకల మీదే జరిగింది.' ముందు పది పేరాలు మనుషులకు, చివరిది ఎలుకలకు. ఇదండీ వీళ్ల వరస.

నేనేమీ చదువురాని మనిషిని కాను. కెనడాలో, టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో ఇల్లు, దగ్గర్లోని పవర్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు ఉద్యోగం, అందులోనే రిటైరయ్యాను. ప్రెషర్ గేజి ఒక్క గీత తప్పు చూపిస్తే ఊరుకునేవాణ్ణి కాదు. రిటైరయ్యాక నెలకో శనివారం కమ్యూనిటీ సెంటర్లో మా తెలుగు పెద్దల సమావేశం ఉండేది. అందులో ఒక అరగంట నాది. ఆ నెల సైన్సులో ఏం జరిగిందో, దాని మీద నా అభిప్రాయమేమిటో చెప్పేవాణ్ణి. అభిప్రాయాలకి నా దగ్గర ఏం లోటు? డ్రైవరు లేని కార్లు మన మంచులో నడవవని వాదించాను. లైన్లు కప్పబడిపోయిన రోడ్డు మీద మనకే దిక్కుతోచదు, కెమెరాకేం తోస్తుంది? మార్స్ మీద కాలనీలు వట్టి కోతలన్నాను. ఏఐ గురించి అయితే నెలకో మాట మాట్లాడాను. ఒక నెల అది మనుషుల్ని మింగేస్తుందని, మరో నెల అది తెలివైన చిలక అని. జనం సమోసాలు తింటూ తలలూపేవారు. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం ఎప్పుడూ మారలేదు. వైద్యం. వైద్యంలో వచ్చే ప్రతి వార్తా నాకు నిజమే. ఎందుకో చెప్తాను.

మా ఆవిడ హాస్పిటల్ ల్యాబులో పనిచేసేది. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపులో నెత్తుటి స్లైడులు చూసింది. రిటైరైన రెండో ఏడు ఒక ఉదయం, బాత్రూమ్ టైల్సు మధ్య గీతలు వంకరగా కనిపిస్తున్నాయని చెప్పింది. టైల్సు వేసినవాణ్ణి తిట్టాను నేను. కళ్ల డాక్టరు ఒక చదరాల కాగితం ఇచ్చి ఫ్రిజ్ మీద అతికించుకోమన్నాడు. రోజూ ఒక్కో కన్ను మూసి చూడాలి, గీతలు ఎంత వంగాయో చెప్పాలి. వయసుతో కంటి రెటీనా నడిమి భాగం అరిగిపోయే జబ్బు. అందులోనూ ఈమెది మెల్లగా ముదిరే రకం. అంచుల్లో చూపు ఉంటుంది, నడుమ మసక పడుతుంది. పోయినదాన్ని వెనక్కి తెచ్చే మందు తన దగ్గర లేదని డాక్టరు చెప్పాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆవిడ నా మొహం చూడాలంటే నా చెవి వైపు చూడాల్సి వచ్చేది.

అంతవరకూ పేపరు ముందు ఆవిడ చదివేది, తరవాత నేను. నేను ఎగిరి గంతేసిన ప్రతి వార్తకీ ఆవిడ రెండే ప్రశ్నలు వేసేది. ఎంతమంది మీద చేశారు? మందు ఇవ్వనివాళ్లతో పోల్చి చూశారా? నాకు చిర్రెత్తుకొచ్చేది. అక్షరాలు కనబడ్డం మానేశాక చదివి వినిపించే పని నాకొచ్చింది. అప్పుడు మొదలైంది నా తప్పుడు పని. స్టెమ్ సెల్స్ వార్త వచ్చింది, చదివాను. కంట్లో పెట్టే చిప్పు వార్త వచ్చింది, చదివాను. జన్యువుల్ని సరిచేసే ఇంజెక్షన్ గురించి చదివాను. ఒక్కోదాన్లోనూ చివరి పేరా దగ్గరకి రాగానే గొంతు సర్దుకుని పేపరు మడిచేసేవాణ్ణి.

"అంతేనా?" అనేది.

"అంతే," అనేవాణ్ణి.

అబద్ధం ఆడుతున్నానని నాకనిపించలేదు. పొద్దున్నే ఆవిడ మొహంలో కాస్త వెలుగు చూడాలనిపించేది, అంతే. నిజం చెప్పాలంటే ఆ వెలుగు నాకే కావాలి. ఇంకో అయిదేళ్లు ఆగు, అదిగో వస్తోంది, ఇదిగో వస్తోంది అని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

ఈలోగా ఆవిడ బయటికి వెళ్లడం తగ్గిపోయింది. మా వీధి మూలమీద అందరి ఇళ్లకూ కలిపి ఒక మెయిల్‌బాక్సు ఉంది. మధ్యాహ్నం పూట అక్కడిదాకా నడిచి, ఉత్తరాలు తీసుకుని, దారిలో కనబడినవాళ్లతో మాట్లాడి రావడం ఆవిడకి ఇష్టం. వారానికోసారి బస్సెక్కి లైబ్రరీకి వెళ్లేది. ఒకనాడు రోడ్డు పక్క కర్బ్ గట్టు కనిపించక ముందుకి తూలింది. అది మొదలు నేనే ఉత్తరాలు తెచ్చాను, ఎక్కడికెళ్లాలన్నా నేనే డ్రైవ్ చేశాను. నేనున్నానుగా అనేవాణ్ణి. ఆవిడ చాలాసార్లు, తనంతట తాను మెయిల్‌బాక్సు దాకా వెళ్లి రాగలిగితే చాలనేది. మిగతావన్నీ పోతే పోనీ అనేది. ఎంత చిన్న కోరిక చూడండి. నేనేమో చిప్పులూ ఇంజెక్షన్ల లెక్కలో ఉన్నాను.

ఇక మూడేళ్ల కిందటి సంగతి. డాక్టరు పంపిన కాగితం అందుకుని, చూపు తగ్గినవాళ్లకి శిక్షణ ఇచ్చే సంస్థ నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. ఇంటి ఫోను ఎత్తింది నేను. తెల్ల కర్ర పట్టుకుని నడవడం, రోడ్డు దాటడం, బస్సెక్కడం నేర్పుతారట. మనిషిని ఇంటికే పంపుతారట. కర్ర అన్న మాట నా చెవిన పడగానే ఒళ్లు మండిపోయింది. కర్ర అంటే అయిపోయిందని ఒప్పుకున్నట్టే కదా! అదే వారం టొరంటోలో కొత్త వైద్యాన్ని రోగుల మీద పరీక్షించే ఒక ట్రయల్‌కి ఆవిడ పేరు నేను అప్లై చేసి ఉన్నాను. ఇప్పుడు అవసరం లేదు, మేం ట్రీట్‌మెంట్ కోసం చూస్తున్నాం, థాంక్యూ అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి పెట్టేశాను. ఎవరు ఫోన్ అని వంటింట్లోంచి అడిగింది. సర్వే వాళ్లు అన్నాను.

ఆ ట్రయల్ వాళ్లు మమ్మల్ని రెండేళ్లు తిప్పారు. స్కాన్లు, ఫోటోలు, మళ్లీ స్కాన్లు. ప్రతిసారీ హైవే మీద నేను ఉషారుగా మాట్లాడుతూ డ్రైవ్ చేసేవాణ్ణి, ఆవిడ పక్క కిటికీ వైపు తిరిగి కూర్చునేది. చివరికి ఉత్తరం వచ్చింది. హాల్లో నిలబడి చదివి వినిపించాను. ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు, ప్రస్తుతానికి మీకు అర్హత లేదు, ముందుముందు వేరే అధ్యయనాలు రావచ్చు. అక్కడ ఆపేశాను. ఇంకొక పేరా ఉంది.

"అంతేనా?"

"అంతే. ముందుముందు వస్తాయంటున్నారుగా."

ఉత్తరం సొరుగులో పెట్టి బయట మంచు తీయడానికి వెళ్లాను. తిరిగొచ్చి బూట్లు విప్పుకుంటుంటే హాల్లోంచి ఒక ఆడగొంతు వినబడింది. ఎత్తుపల్లాలు లేని గొంతు. దేశం అవతలి కొసన సర్రీలో ఉండే మా అమ్మాయి వేసవిలో వచ్చినప్పుడు, కాగితం మీద పట్టుకుంటే చదివి వినిపించే సదుపాయం వాళ్లమ్మ ఫోన్లో పెట్టి వెళ్లింది. నేను దాన్ని లెక్కచేయలేదు. అదొక సైన్సా, పాత సరుకు అన్నాను. నా అరగంటలో దాని పేరు కూడా ఎప్పుడూ ఎత్తలేదు. ఆ పాత సరుకు ఇప్పుడు చివరి పేరా చదువుతోంది. దెబ్బతిన్న భాగం పాతబడింది కనుక నడిమి చూపు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మిగిలిన చూపు ఉపయోగపడుతుండగానే, ఆలస్యం చేయకుండా నడక శిక్షణ మొదలుపెట్టండి. ఈ నంబరుకి ఫోన్ చేయండి. అది నంబరు కూడా చదివింది. ఆవిడ ఫోన్‌కి చెప్పి మళ్లీ చదివించుకుంది.

ఆ నంబరుకి ఆవిడే ఫోన్ చేసింది. కొన్ని వారాలకి శిక్షకురాలు ఇంటికొచ్చింది. నడివయసు పంజాబీ ఆవిడ, నిదానస్థురాలు. మా ఆవిడ చూపు పరీక్షించింది, మెట్లు దిగమంది, గుమ్మం దాటమంది. తరవాత కూర్చుని, ఇంకాస్త చూపున్నప్పుడు మొదలుపెడితే సులువయ్యేదని మెత్తగా చెప్పింది. అప్పుడు కర్రతో బాటు కన్నూ సాయం చేసేదట, ఇప్పుడు ఎక్కువ భాగం చేతితోనూ చెవితోనూ నేర్చుకోవాలట. మీరు అప్పుడే ఎందుకు పిలవలేదని మా ఆవిడ అడిగింది. ఆ పంజాబీ ఆవిడ పాపం ఏ కల్మషం లేకుండా ట్యాబ్లెట్‌లో వెతికింది. పిలిచాం, ఇక్కడ రాసి ఉంది, ఇంట్లోవాళ్లు వద్దన్నారు అంది. తేదీ కూడా చెప్పింది. నేను అదే సోఫాలో కూర్చుని ఉన్నాను.

ఆమె వెళ్లిపోయాక మా ఆవిడ నా వైపు తిరిగింది. అంటే నా చెవి వైపు.

"వాళ్లు ఫోన్ చేసినప్పుడు నేనెక్కడున్నానండీ?"

"వంటింట్లో."

"వంటింట్లో," అంది. "అంటే పిలిస్తే పలికే దూరమే."

నీ మంచికోసమే అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆవిడే మళ్లీ అంది, గొంతు పెంచకుండా:

"మా ల్యాబులో స్లైడు సరిగా రాకపోతే రాలేదని రాసి పంపేవాళ్లం. బావుంటే బావుణ్ణని రాసేవాళ్లం కాదు. మీరూ గేజీలు చూసినవారే కదా."

అంతే. ఇంక ఆ విషయం ఎత్తలేదు. నలభై మూడేళ్ల కాపురంలో నన్ను అంతగా దులిపేసిన మాట ఇంకొకటి లేదు. ఇప్పుడు సైన్సు వార్తలు రాసేవాళ్లని తిడుతున్నానే గానీ, వాళ్లు చివరి పేరా రాశారు. దాచింది నేను. ఈ సంగతి ఒప్పుకోవడానికి కూడా నాకు ఏడాది పట్టింది.

ఆ నెల నుంచి శనివారం సమావేశంలో నా అరగంట మానేశాను. గొంతు బాగాలేదని చెప్పాను. అదీ అబద్ధమే.

శిక్షణ గురువారాలు జరిగేది. చలికాలమంతా నేర్చుకుంది. మంచులో కర్ర చివర కూరుకుపోతుంది, కర్బ్ ఎక్కడుందో తెలియదు. రెండుసార్లు పడింది. మోకాలికి నూనె రాస్తానంటే వద్దంది. వెనకాల వస్తానంటే అసలే వద్దంది. నేను ముందుగది కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. మార్చి చివర్లో మొదటిసారి ఒక్కతే మెయిల్‌బాక్సు దాకా వెళ్లింది. మా గడి ఎన్నోదో వేలితో వరసలు లెక్కపెట్టుకుంది, తాళం చెవి రెండుసార్లు కన్నం తప్పింది. తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది, చూపున్నప్పుడు అయిదు నిమిషాల పని. లోపలికొచ్చి ఉత్తరాలు ఒక్కొక్కటీ ఫోన్ కింద పెట్టి చదివించుకుంది. నేను అక్కడే ఉన్నాను. నన్ను చదవమని అడగలేదు. అప్పటినుంచీ అడగలేదు.

పోయినవారం మంగళవారం ఉదయం ఫోను మోగింది. టొరంటో హాస్పిటల్లో ఒక కొత్త అధ్యయనం. నేను వెనకెప్పుడో ఆవిడ పేరు ఎక్కించని జాబితా లేదు, అందులో ఒకదాన్లోంచి తీశారట. ఈ అధ్యయనం గురించి నేను ముందే చదివాను. అలవాటు చావదు కదా. కాగితాలు ప్రింటు తీసి కూడా పెట్టుకున్నాను, చూపించే మొహం లేక సొరుగులో ఉంచాను. ఇది జబ్బు ముదిరిన వాళ్ల కోసమే. ఎనిమిది వారాలపాటు వెళ్లాలి, వాళ్లు పెట్టిన రోజునే. నేను ఫోను తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

"నీకే," అన్నాను.

ఆవిడ నిలబడే అంతా విన్నది. తన పాత ప్రశ్నలు రెండూ అడిగింది. జవాబులు బాగానే ఉన్నట్టున్నాయి, "ఐ సీ, గుడ్" అంది. తరవాత రోజులేవని అడిగింది. గురువారాలు. వేరే రోజు కుదరదా అని అడిగింది. కుదరదట. ఇప్పుడు ఆమెకి బస్సెక్కడం నేర్పుతున్నారు. ఎవరూ లేకుండా లైబ్రరీకి వెళ్లడం తరవాతి పాఠం.

"థాంక్యూ ఫర్ కాలింగ్ మీ," అంది. "బట్ థర్స్‌డేస్ ఐ హావ్ మై క్లాస్."

మూడేళ్ల కిందట నేను వాడిన మర్యాదే, అంతే పొందికగా. శిక్షణని కొన్నాళ్లు వాయిదా వేసుకోవచ్చు కదా అనడానికి నాకేం హక్కుంది? ఫోను నా చేతికిచ్చి, కర్ర తీసుకుని ఉత్తరాల కోసం వెళ్లింది. నేను సొరుగులోంచి కాగితాలు తీసి తిన్నగా చివరి పేరాకి వెళ్లాను. రెండుసార్లు చదివాను. ఈసారి అందులో ఎలుకలు లేవు.