ఇసాబేక్ పంచిన మాంసం

ఇసాబేక్ మా జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉన్నది నలభై మూడు రోజులు. ఫుట్‌బాల్ సంఘం వాళ్ళిచ్చిన కాగితంలో ఆ హోదాకు ముందు ‘తాత్కాలిక’ అని ఉంది. ఆ కాగితాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని, నేరుగా మర్దనా గదిలోకి వచ్చి నా బల్ల అంచున కూర్చున్నాడు.

“రెండాటల కోచ్‌ని చూడు, జుమాష్” అన్నాడు.

“రెండూ గెలిస్తే మూడోది ఇవ్వక ఏం చేస్తారు?”

“గెలిస్తే ఎలా గెలిచాడంటారు. ఓడితే ఎంతకి ఓడాడంటారు. మనవాళ్ళు నీకు కొత్తా?”

కొత్త కాదు. ఇరవై రెండేళ్ళు ఆ జట్టు కాళ్ళు పిసికాను. మర్దనా బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి, తన మొహం ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో, చాలా మాట్లాడతాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కాబట్టి పుస్తకాలు చదువుకుంటున్నాను. ఎవరి జీవితం చదివినా మధ్యలో ఇసాబేక్ అడ్డం వస్తాడు. అందుకే రాస్తున్నాను.

అతనిది నారిన్ అవతల అత్‌బాషి అనే కొండ ఊరు. తండ్రి గొర్రెల కాపరి. పద్నాలుగో ఏట రాజధానిలోని క్రీడా పాఠశాలకు వచ్చినప్పుడు అతనికి బంతి కన్నా గుర్రమే బాగా తెలుసు. అయినా నాలుగేళ్ళలో నగర జట్టులో వెనక వరసలో నిలబడ్డాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్టు నడిచి వెళ్ళేవాడు, పరుగెత్తేవాడు కాదు. సోవియట్ యూనియన్ విడిపోయి మాకంటూ ఒక జాతీయ జట్టు ఏర్పడ్డాక మొదటి నాయకుడు అతనే. బస్సులో తాష్కెంట్ దాకా వెళ్ళి, దారిలో ఎవరి రొట్టె వాళ్ళు తిని, దిగిన గంటలో ఆడిన రోజులవి.

తొంభై నాలుగులో, మా మైదానంలోనే, వానలో, ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా బంతి అతని మోకాలి కింద తగిలి మా గోల్‌లోకే పోయింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. అంతే జరిగింది. నేను గీత పక్కనే ఉన్నాను, చూశాను. కానీ ఆ సాయంత్రానికే ఊరంతా అది అమ్ముడుపోయిన గోల్ అయింది.

ఆ తర్వాత ఆట మానేసి దోర్దోయ్ బజారులో ఇనప కంటైనర్‌లో తోలు కోట్లు అమ్మాడు. తొమ్మిదేళ్ళు. కోటు తొడుక్కుని చూసుకుంటూ అడిగేవాళ్ళు.

“ఏ కాలన్నా అది? కుడా, ఎడమా?”

“కుడికాలు.”

“దానికి బాగానే గిట్టుబాటైంది కదా. మరి కోటు మీద తగ్గించవేం?”

అతను కోటు మడిచి సంచిలో పెట్టేవాడు. ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు. అదీ అనుమానానికే దారి తీసింది. తప్పు చేయనివాడైతే కొట్టేవాడు కదా అన్నారు.

తర్వాత పిల్లలకు ఆట నేర్పాడు, జాతీయ జట్టుకు సహాయకుడయ్యాడు. పరదేశి కోచ్ ఒకడు వరసగా ఓడి, సామాను సర్దుకుని పోయాక, ఈ కాగితం వచ్చింది. జట్టు వ్యవహారాలు చూసేందుకు అతను తన పక్కన పెట్టుకున్నది జోల్చుని. ఇద్దరూ పన్నెండేళ్ళు ఒకే జట్టులో వెనక వరసలో ఆడారు. పుట్టిన లోయలు వేరు, జోల్చుది బాగా పడమర. కానీ ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నవాళ్ళు.

మొదటి ఆటకు ముందురోజు తలుపులు మూసి సాధన చేశారు. ఆ సాయంత్రమే ఇంటర్నెట్‌లో ఒక పేజీలో మా పదకొండు పేర్లూ, కార్నర్ కొట్టినప్పుడు ఎవరెక్కడ నిలబడతారో కూడా, వచ్చేశాయి. మర్నాడు అవతలి జట్టువాళ్ళు మేం నిలబడాల్సిన చోట్లలో మాకన్నా ముందే నిలబడ్డారు. మూడు గోల్స్ తిన్నాం.

జట్టుకు బట్టలూ బస్సూ ఇచ్చే తాష్‌మత్ అనే ఆసామి ఆ ఓటమి మర్నాడే శిబిరానికి వచ్చాడు. నేను ఇసాబేక్ మోకాలికి కట్టు కడుతున్నాను. నన్ను బయటికి పొమ్మనలేదు. మర్దనావాడు కుర్చీతో సమానం.

“మీ గోల్‌కీపర్ మిర్లాన్ మేనమామ ఎక్కడ పనిచేస్తాడో తెలుసా నీకు?” అన్నాడు తాష్‌మత్.

“పందాల కొట్లో. తుడుస్తాడు, ఊడుస్తాడు.”

“ఊడ్చేవాడికి చెవులుండవా? ఆ కుర్రాణ్ణి తీసెయ్. రెండో కీపర్ అజాత్‌ని పెట్టు. ఎందుకు తీశావో నలుగురికీ తెలిసేట్టు తీసెయ్. ఆ కాగితం మీది ‘తాత్కాలిక’ అన్న మాట సంగతి నేను సంఘంలో మాట్లాడతా.”

“రుజువు?”

“నీ మీద ఏ రుజువుందని తొమ్మిదేళ్ళు అన్నారయ్యా? రుజువు దాకా ఆగితే ఊళ్ళో ఎవరు మిగులుతారు!” నవ్వుతూ లేచాడు తాష్‌మత్.

అతను వెళ్ళాక ఇసాబేక్ మోకాలి కట్టు సరిచేసుకున్నాడు. తర్వాత, నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు. “మిర్లాన్ నీ బల్ల మీదకి వచ్చినప్పుడు ఫోన్‌లో ఏం మాట్లాడతాడో కాస్త విను.”

విన్నాను. నిజం ఎందుకు దాచాలి? ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, బల్ల మీద బోర్లా పడుకుని, వాళ్ళమ్మతో బంగాళాదుంపల గురించి మాట్లాడాడు.

“ఎన్ని బస్తాలమ్మా? పదకొండేనా? మరి నిల్వ గోతిలో ఏవి వేశారు, చిన్నవా పెద్దవా?”

పదకొండు అనగానే నా చేతులు ఆగాయి. గోతిలో చిన్నవి అంటే ఏమిటి, పెద్దవి అంటే ఎవరు అని ఆలోచించాను. వెళ్ళి ఇసాబేక్‌కి చెప్పాను కూడా. ఇద్దరు ముసలివాళ్ళం కూర్చుని ఒక పల్లెటూరి తల్లి దుంపల లెక్కలో పేర్లు వెతికాం. అనుమానం పట్టుకుంటే మనిషికి బుద్ధి ఎక్కువ పనిచేస్తుంది, అదే దాని రోగం.

రెండో ఆటకు ముందురోజు ఇసాబేక్ చెప్పాడు. “ఈసారి కాగితం రాయను. నోటితో చెప్పను. మాంసంతో చెబుతాను.”

పొద్దు వాలకముందే గొర్రెను కోయించాడు. జట్టంతా పొడుగు బల్ల చుట్టూ కూర్చుంది. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి తల నాకు వచ్చింది. పంపకం అతనే చేశాడు. గొర్రెకు పెద్ద ఎముకలు పన్నెండు. పది ఎముకలు, మర్నాడు మైదానంలో పరుగెత్తబోయే పదిమందికి. మిగతావాళ్ళకు పక్కటెముకలు. ఇక మిగిలిన రెండు పెద్ద ఎముకలూ గోల్‌కీపర్లిద్దరికి. మా దగ్గర ఎముకలకూ హోదాలుంటాయి. హోదాలో పై ఎముక అందుకున్నవాడు ఆడతాడు, కిందిది అందుకున్నవాడు బెంచీ మీద కూర్చుంటాడు. మిర్లాన్‌కి తుంటి ఎముక ఇచ్చాడు. అజాత్‌కి తొడ ఎముక.

“అర్థమైనవాళ్ళు తినండి, అర్థం కానివాళ్ళూ తినండి. రేపు మధ్యాహ్నం దాకా ఒక్క పేరు బయటికి రాకూడదు” అన్నాడు.

తినడమయ్యాక చేతులు కడుక్కునే చోట జోల్చు నా పక్కన నిలబడి తువ్వాలు అందిస్తూ అన్నాడు. “మొత్తానికి మనవాడు దారికొచ్చాడు. అజాత్‌నే పెట్టాడు.”

హాస్యమాడుతున్నాడనుకున్నాను. తల ఊపి వచ్చేశాను.

తెల్లవారి టీ తాగుతుండగా ఇసాబేక్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. అదే పేజీ. పదకొండు పేర్లు. పది సరిగ్గా ఉన్నాయి. గోల్‌కీపర్ దగ్గర మాత్రం అజాత్ అని ఉంది.

“మిర్లానే” అన్నాడు ఇసాబేక్. “తన మీదకి రాకుండా తన పేరు మార్చి ఇచ్చాడు. తెలివైనవాడు.”

అప్పుడు నాకు రాత్రి జోల్చు అన్న మాట గుర్తొచ్చింది. మా తూర్పు లోయల్లో తుంటి ఎముక పైది, తొడ ఎముక దాని తర్వాతది. జోల్చు వాళ్ళ లోయలో తొడ ఎముకే పైది. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మధ్య దీనిమీద గొడవలు నాకు తెలుసు. ఆ బల్ల దగ్గర పడమటి లోయవాడు అతనొక్కడే. ఇసాబేక్ ఇదేమీ తలచి పంచలేదు. వాళ్ళ నాన్న పంచినట్టే పంచాడు. జోల్చు కూడా వాళ్ళ నాన్న చదివినట్టే చదివాడు.

చెప్పాను. ఇసాబేక్ టీ గిన్నె కింద పెట్టి, “ఇంకెవరన్నా అయితే బాగుండేది” అన్నాడు.

జోల్చు శిబిరం వెనక కాలువ గట్టున బూట్లు కడుగుతూ దొరికాడు. ఇసాబేక్ ఫోన్ చూపించాడు. జోల్చు బుకాయించలేదు.

“తాష్‌మత్ అడిగాడు. ప్రతిసారీ అడుగుతాడు. ఎవరెవరు ఆడుతున్నారు బావా అని. ఊరికే తెలుసుకోవడానికన్నాడు.”

“ఆయనకి పందాల కొట్లు మూడున్నాయి జోల్చూ.”

“నా కూతురు వాళ్ళింట్లో ఉందిరా!” అరిచాడు జోల్చు. “వియ్యంకుడు ఫోన్ చేసి అడిగితే చెప్పననమంటావా? నా పిల్ల వాళ్ళ గడపలో తలెత్తుకు తిరగొద్దా?”

“మరి మిర్లాన్ తలెత్తుకోవద్దా?”

జోల్చు తడి బూటు వైపు చూశాడు. “వాడి పేరు నేను చెప్పలేదు. అది ఆయనే అన్నాడు.”

“నువ్వు వింటూ ఊరుకున్నావు. పద.”

మిర్లాన్ గదిలో మంచం మీద కూర్చుని చేతులకు టేపు చుట్టుకుంటున్నాడు. ఇసాబేక్ జోల్చుని గడప లోపలికి నెట్టి, “చెప్పు” అన్నాడు. జోల్చు చెప్పాడు. నాలుగు మాటల్లో చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

మిర్లాన్ టేపు చివర పళ్ళతో తెంపాడు.

“ఆగై,” అన్నాడు. మా దగ్గర గురువుని పిలిచే పిలుపు అది. “ఇది నాకు ఎందుకు చెప్పించారు? మీరు కూడా నేనే అనుకున్నారా?”

ఆ క్షణంలో అబద్ధం ఆడటం ఎంత సులువు! నేనైతే ఆడేవాణ్ణి. లేదురా, నీ మీద నాకెప్పుడూ నమ్మకమే అని.

“అనుకున్నాను,” అన్నాడు ఇసాబేక్. “ఈ పొద్దున దాకా. నీ ఫోన్ మాటలు కూడా వినమని చెప్పాను.”

మిర్లాన్ నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

“దుంపల సంగతి కూడానా?”

“దుంపల సంగతి కూడా.”

కుర్రాడు నవ్వలేదు. చేతి తొడుగులు తీసుకుని లేచాడు. “ఆడతాను. మీ కోసం కాదు” అన్నాడు.

ఆ మధ్యాహ్నం అతను గోల్‌లో ఉన్నాడు. అవతలివాళ్ళు అజాత్‌కి అలవాటు లేని ఎడమవైపు నుంచి బంతులు సిద్ధం చేసుకుని వచ్చారు. మిర్లాన్‌కి ఎడమచెయ్యే బలం. ఏడెనిమిది సార్లు ఆపాడు. ఒకటి పోయింది, ఒకటి మేం కొట్టాం. సమానం. మొదట్లో గెలిచిన పాయింట్లకు ఆ ఒక్కటి చేరితే మాకు చాలు, పై దశకు వెళ్ళాం.

ఆట అయ్యాక ఆటగాళ్ళు వరసగా వచ్చి కోచ్‌తో చెయ్యి కలిపారు. పెద్దవాళ్ళకు మేం రెండు చేతులూ ఇస్తాం. మిర్లాన్ ఒక చెయ్యి ఇచ్చాడు. ఇసాబేక్ ఆ ఒక్క చేతినీ తన రెండు చేతులతో పట్టుకున్నాడు. అలా పెద్దవాడు చిన్నవాడికి చేయడం నేనెప్పుడూ చూడలేదు.

తాష్‌మత్ ఏం మాట్లాడాడో, ఎవరితో మాట్లాడాడో నాకు తెలియదు. వారంలో ఇంకో పరదేశి కోచ్ వచ్చాడు. అన్నీ ముందే కుదిరాయని కొందరన్నారు. ఇసాబేక్ కూడా సమానం చేసి ఏదో సంపాదించుకునే పోయాడని ఇంకొందరన్నారు. జోల్చు సంగతి అతను సంఘానికి చెప్పలేదు. చెప్పి ఉంటే తనకే మంచిదని నేనన్నాను.

“చెప్పాల్సినవాడికి చెప్పించాను” అన్నాడు.

“మరి నీ అనుమానం ఎందుకు ఒప్పుకున్నావు? ఆ పిల్లవాడు నీ పేరెత్తడం లేదు.”

“బజారులో నన్ను అన్నవాళ్ళు వందలమంది. తర్వాత పొరపాటు పడ్డానన్నా అని ఒక్కడు వస్తాడేమోనని చూసేవాణ్ణి జుమాష్. ఎవడూ రాలేదు.”

మరుసటి వసంతంలో ఇద్దరం టికెట్లు కొనుక్కుని తూర్పువైపు మెట్ల మీద కూర్చుని ఆట చూశాం. మిర్లాన్ ఒక సులువైన బంతి వదిలేశాడు. పక్కన పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న ఆసామి పొట్టు ఊసి అన్నాడు. “చూశారా? అమ్ముకున్నాడు. వీడి మేనమామ పందాల కొట్లో మనిషి.”

“నేనూ అలాగే అనుకున్నా,” అన్నాడు ఇసాబేక్ అతనివైపు తిరిగి. “తప్పు. నేను దగ్గరుండి చూశా.”

“నువ్వు చూసేదేంటి పెద్దాయనా?”

ఇసాబేక్ తానెవరో చెప్పలేదు. మళ్ళీ అదే మాట, ఇంకాస్త గట్టిగా, ముందు వరసవాళ్ళకు కూడా వినపడేట్టు అన్నాడు. ఆ ఆసామి లేచి రెండు మెట్లు కిందకి వెళ్ళి కూర్చున్నాడు. ఇసాబేక్ తల తిప్పి గోల్ వైపు చూశాడు. మిర్లాన్ బంతిని దూరంగా తన్నుతున్నాడు.