మంచుఖండానికి ఫ్యాను

సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలితే చాలు, నాకు చలి పుడుతుంది. ఆ పొగలోంచి మా సుగుణ మేడం నడిచి వస్తారు: కొంగు నడుముకు దోపి, చేతిలో స్క్రూడ్రైవరుతో.

ఎనభైల మొదట్లో ఆమె వరంగల్‌లోని ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు. నేను ఆమె దగ్గర పరిశోధన చేసేవాణ్ణి. అందులో 'పరి' కన్నా 'శోధనే' ఎక్కువ. మేం కడుతున్నది రయోమీటరు. ఆకాశం నుంచి రేడియో సడి ఎప్పుడూ దాదాపు ఒకే తీరున కురుస్తూ ఉంటుంది. ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో అరోరా అనే రంగుల వెలుగు వెలిగినప్పుడు పైపొరల గాలి ఆ సడిలో కొంత మింగేస్తుంది. ఆ లోటును పెన్నుతో కాగితం మీద గీసి చూపే పెట్టె అది. దక్షిణాన మంచుఖండానికి వెళ్లే ఓడలో దానికి చోటిస్తామని యాత్ర నడిపే పెద్దలు అన్నారు, కాకపోతే ముందు చలికి తట్టుకుంటుందో లేదో పరీక్షిస్తారట. పరీక్షలో నెగ్గకపోతే విదేశీ పెట్టె ఓడెక్కుతుంది, మేడం ఏళ్ల కష్టం ఒడ్డున మిగులుతుంది.

అక్కడ దాన్ని వేడి లేని గుడిసెలో ఉంచుతారట. అందుకని మండే మే నెలలో ఆమె పెట్టెను రిక్షా ఎక్కించి ఐస్ ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. యజమాని యాదగిరి బిత్తరపోయాడు.

“ఏంది మేడం, దీంట్ల సోడాలున్నయా?”

“లెవ్వు తమ్మీ. దీనికి జర చలి పెట్టాలె.”

“మనుషులు ఎండకు సస్తాంటె మిషన్‌కు చలి పెడ్తరా!”

ఆకాశానికి బదులు సడి పుట్టించే చిన్న సర్క్యూటు తగిలించి, పెట్టెను మంచుదిమ్మల మధ్య పెట్టాం. కాసేపటికి గీత కిందికి జారింది. నేను గంతేశాను.

“మేడం, గీత పడిపోతాంది! అరోరా!”

“ఐస్ ఫ్యాక్టరీల అరోరా ఏందిరా? నీకు డాక్టరేట్ ఇప్పుడే ఇయ్యాలె!”

అంతలో పెన్నే ఆగిపోయింది. సిరా గడ్డకట్టింది. మేడం మూత తీశారు. లోపల ఫ్యాను హుషారుగా తిరుగుతూ, చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి చలినంతా లాగుతోంది. రేకుల కప్పు కింద మా ప్రయోగశాల ఉడుకుతుంటే, పెట్టె ఎక్కడ మాడిపోతుందోనని భయపడి బిగించుకున్న ఫ్యాను అది! మేడం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

“మన చెమట చూసి కట్టినం కదరా దీన్ని. ఇది పోయేది యాడికి?”

ఫ్యాను పీకేశాం, చిల్లులు మూశాం, లోపల దూది పరిచాం. మేడం సొంతూరు మరిపెడలో వాళ్లమ్మ కోడిపిల్లలను బల్బు కింద వెచ్చగా ఉంచేదట. చలి పెరిగితే వెలిగి, తగ్గితే ఆరిపోయేలా అలాంటి బల్బే అమర్చారు మేడం. పరీక్షకు వచ్చిన పెద్దలను నేరుగా ఐస్ ఫ్యాక్టరీకే రమ్మన్నారు. వాళ్లు వణికారు, గీత వణకలేదు. పెట్టె ఓడెక్కింది.

మరుసటి ఏడు ఓడ తిరిగొచ్చాక కాగితపు చుట్ట మా బల్ల మీదికి చేరింది. చదునుగా సాగుతున్న గీత ఒకచోట లోయలా దిగి, మళ్లీ పైకెక్కింది.

“చూడురా, గిక్కడ ఆకాశం వెలిగింది,” అంటూ మేడం ఆ లోయ వెంట వేలు నడిపించారు. మేమిద్దరం అరోరాను కళ్లారా ఎన్నడూ చూడలేదు. అయినా ఆ మధ్యాహ్నం సుబేదారిలోని నా గది దాకా సైకిలు మీద ఈల వేసుకుంటూ వెళ్లాను.

ఇప్పుడు నేనూ పరికరాలు కట్టేవాణ్ణే. మూత బిగించబోతూ నుదుటి చెమట తుడుచుకున్నానంటే, చెయ్యి తనంతట తానే ఆగిపోతుంది. ఈ చెమట నాది, పెట్టెది కాదు. మూత పక్కన పెట్టి, అది వెళ్లే ఊరికి ముందు ఫోను చేసి, అక్కడ ఎండో చలో అడుగుతాను.