రూతమ్మ టీచరు వినిపించిన గొంతు

మొన్న అలిపిరి దగ్గర ఆటో ఆగినప్పుడు, పక్కనే నిలిచిన కారులోంచి ఒక ఆడగొంతు వినిపించింది. ఇంగ్లీషు పాట. పొట్టలోంచి లేచి, గరుకుగా సాగి, పైకి పోయేకొద్దీ బరువెక్కే గొంతు. నాకా భాష అంతంతమాత్రమే. అయినా వెంటనే గుర్తుపట్టాను. అమెరికాలో పేరుమోసిన నల్లజాతి గాయని ఆమె. ఆమె పాటను నాకు పరిచయం చేసింది చిత్తూరులో మా పక్కింట్లో ఉండిన రూతమ్మ టీచరు.

టీచరు ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. మా నాయనకు దినుసుల అంగడి. డెబ్బైల చివర్లో నేను డిగ్రీ ముగించి, సంగీతం నేర్చుకుంటూ ఇంట్లో ఉన్నాను. నాది మగగొంతని పాడిన ప్రతిచోటా అన్నారు. నేను కూడా దాన్నొక జబ్బులాగే చూసుకునేదాన్ని. ఒక సాయంత్రం టీచరు నన్ను పిలిచి, ఓడలో పనిచేసే తమ్ముడు తెచ్చిన రికార్డులు రెండు వరుసగా పెట్టారు. మొదటిది తియ్యగా, పద్ధతిగా ఉంది. రెండోది మొదలవగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"ఇద్దరూ వేరేవాళ్లా టీచర్?"

"ఒకే మనిషి. ఆయమ్మ నాయన పాస్టరు. చిన్నప్పటినుంచి చర్చిలో పాడి పెరిగింది. మొదటి కంపెనీవాళ్లు మెత్తగా పాడమన్నారు. ఏండ్ల తరబడి పాడినా జనానికి పట్టలా. ఇంకో కంపెనీవాళ్లు పియానో ముందర కూర్చోబెట్టి, మీ చర్చిలో పాడినట్టే పాడమన్నారు. అప్పుడు లోకం తిరిగి సూసింది."

తర్వాత క్యాసెట్ల కాలం వచ్చింది. తిరుపతిలో భక్తి పాటలు రికార్డు చేసే ఒకాయన నాకు కబురు పెట్టాడు. "ఈసారీ కుదరకపోతే పాట మానుకోవాల. సంబంధాలు వస్తా ఉండాయి" అన్నాడు నాయన. ఒంటరిగా పంపడం ఇష్టంలేక టీచర్ని తోడు పొమ్మని అడిగాడు. స్వామి పాటకు చర్చి టీచరు తోడేమిటని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

శబ్దం మోగకుండా గోడలకు బొంతలు కట్టిన చిన్న రికార్డింగు గది అది. "సన్నంగా పాడు తల్లీ, జనానికి అదే అలవాటు" అన్నాడాయన. అలాగే పాడాను. ఆయన తృప్తిగా తలూపాడు. నేను బయటికి వచ్చి టీచరు ముఖం చూశాను.

"బాగుండాది. అందులో నువ్వు యాడుండావో నాకు కనపడలా" అన్నారు.

లోపలికి వెళ్లి, ఇంకోసారి పాడతానన్నాను. ఈసారి గొంతును పట్టి ఉంచలేదు. ఆయన టేపు ఆపి, మర్యాదగానే, "ఇది అమ్ముడుపోదమ్మా, మొదటిదే వేసుకుందాం" అన్నాడు. వద్దన్నాను. ఆ మాట నా నోట వస్తుందని నాకే తెలియదు. ఆ పాటలు తర్వాత వేరే అమ్మాయి పాడింది.

తిరుగు బస్సులో టీచరు నన్ను ఓదార్చలేదు. తన సంగతి చెప్పారు. "పెండ్లికి ముందు నేనూ మద్రాసులో ఒక రికార్డు ఇచ్చినాను. వాళ్లు చెప్పినట్టే పాడినాను. ఇంటికి తెచ్చి పెడితే, ఇది ఎవురు పాడినారని మాయమ్మ అడిగింది."

చిత్తూరులో దిగాక నేరుగా మా అంగడికి వచ్చి, నాయనతో, "క్యాసెట్టు రాలేదన్నా. పిల్లకు పాట వచ్చింది. మాన్పించొద్దు" అన్నారు. నాయన దినుసులు తూస్తూనే విన్నాడు. మర్నాడు నేను సాధనకు కూర్చుంటే వద్దనలేదు.

కొన్నేళ్లకు ఇంకొకరు నా గొంతుతోనే ఒక క్యాసెట్టు చేశారు. పెద్దగా పేరు రాలేదు. టీచరు కళ్లు మూసుకుని చివరిదాకా విని, "రెండో చరణంలో ఊపిరి ముందే తీసుకున్నావు" అన్నారు. ఆమె నా పాట గురించి అన్న ఆఖరి మాట అదే. ఆ ఏడాదే పోయారు.

ఇప్పుడు నా దగ్గరికి పాట నేర్చుకోడానికి ఆడపిల్లలు వస్తారు. బరువు గొంతున్న పిల్లను తీసుకొచ్చి, కాస్త సన్నం చేయమని తల్లులు అడుగుతారు. సరేనని పిల్లను కూర్చోబెట్టి, హార్మోనియం శ్రుతి దించుతాను. అక్కడా అందకపోతే ఇంకా దించుతాను. ఆ పిల్ల భుజాలు వదులయ్యేదాకా ఆగి, అప్పుడు పాడమంటాను.