ఆ పొద్దు ఏం కూర చేసినావు?

నర్సమ్మ గారు పోయారని మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు చెప్పారు. బెంచీల మీదనుంచి ఎవరూ లేవలేదు. కృష్ణపట్నం చుట్టుపక్కల ముసలివాళ్ళున్న ఏ ఇంట్లోనైనా ఆవిడకు వేసిన పీట ఒకటి ఉంటుంది.

పేరుకు ఆసుపత్రి నర్సు. మందుల సంచి గుమ్మంలోనే వదిలేసి, ముందు పీట అడిగేవారు.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు, చేపల వేటకు పోయిన మా తాత పడవ తిరిగి రాలేదు. మా అవ్వ మాట మానేసింది, అన్నం మానేసింది. తాత ఊసు ఎత్తకూడదని ఇంట్లో కట్టడి. నర్సమ్మ గారు వచ్చి కూర్చుని నేరుగా అదే ఎత్తారు.

"అవ్వా, ఆయన వేటకు పోయిన పొద్దు ఏం కూర చేసినావు?"

మా అమ్మకు ఒళ్ళు మండింది. "మానే పుండును గెలకతారేందమ్మా?"

"మరిచిపొమ్మంటే యాడికి పోతాది? కడుపులోనే ఉంటాది. చెప్పనీ, అన్నానికి చోటవతాది."

వచ్చినప్పుడల్లా అదే అడిగేవారు. చివరికి ఒకనాడు అవ్వ నోరు విప్పింది.

"వంకాయా, ఎండు రొయ్యలూ. ఉప్పు ఎక్కువేసినా. కోపమొచ్చి తినకుండా పోయినాడు. వచ్చి తింటాడులే అని గిన్నెకు మూత పెట్టినా."

అప్పుడు ఏడ్చింది. ఆ మాటే చెప్పగా చెప్పగా మెల్లగా అన్నం తినసాగింది. నా పెళ్ళి చూసేదాకా బతికింది. ఆ బతుకు నర్సమ్మ గారు పెట్టిందే.

నిరుడు ఆవిడకే మతి తప్పింది. పెళ్ళి లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఊరందరి కథలూ విన్న మనిషిని, మీ కథేమిటని అడిగినవాళ్ళూ లేరు. నేను జావ తీసుకెళ్ళి, పీట వేసుకుని కూర్చున్నాను.

"నర్సమ్మ గారూ, చిన్నప్పుడు మీ అమ్మ ఏం కూర చేసేది?"

జావ గిన్నె అందుకున్నారు. "వంకాయా, ఎండు రొయ్యలూ. ఉప్పు ఎక్కువేసినా. తినకుండా పోయినాడు."

గొంతు ఆవిడది, మాటలు మా అవ్వవి.

ఆవిడ సొంత జ్ఞాపకం ఒక్కటైనా దొరకాలని పట్టుబట్టి వెళ్ళేదాన్ని. ఒకనాడు ఎవరిదో తప్పిపోయిన ఎద్దు, ఒకనాడు ఎవరి బిడ్డకో వేసిన జోల. ఆవిడది రాలేదు. ఆ మాటల్లోకి మా తాత మాత్రం రోజూ వచ్చేవాడు. ఆవిడ సగం జావ తాగి, "మూత పెట్టమ్మా, వస్తా ఉండాడు" అనేవారు. నేను పెట్టేదాన్ని.

సమాధి చేసి వచ్చాక ఆవిడ గదికి వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది. పక్కన పీట మీద గిన్నె, దానికి మూత.

తీయడానికి నాకు చేతులు రాలేదు.